గొడ్డు పూలు

చెరుకు రసం గ్లాసులో తేలుతున్న తేనెటీగను బండివాడు వేలితో తీసి పారేసి, అదే గ్లాసు నా చేతికి ఇవ్వబోయాడు. నిజామాబాద్ బస్టాండు బయట, సద్దుల బతుకమ్మ రోజు పొద్దున. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఏం గాదు మేడం, తియ్యగుంటదని వచ్చి పడ్డది. విషం గాదు గద," అన్నాడు.

అతని కాళ్ల దగ్గర తాగి పారేసిన గ్లాసుల బుట్ట ఉంది. ఒంగి చూశాను. చూడకుండా ఉండాల్సింది. ప్రతి గ్లాసు అడుగునా రెండు మూడు తేనెటీగలు, కొన్నింట్లో పిడికెడు. కొన్ని చచ్చాయి. కొన్ని ఆ జిగురులో రెక్కలు అంటుకుపోయి ఇంకా కాళ్లు కొట్టుకుంటున్నాయి. పైనుంచి కొత్తవి దిగుతూనే ఉన్నాయి. బుట్టలోంచి పులిసిన కంపు. రసం వద్దని చెప్పి బస్సెక్కాను.

ఇరవై తొమ్మిదేళ్లు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయినదాన్ని. ఏటా బోర్డు మీద ఒక పువ్వు గీసి, పక్కన ఒక తేనెటీగ గీసి, రెండింటి మధ్య బాణం గుర్తు పెట్టి "పరాగ సంపర్కం" అని రాసేదాన్ని. పిల్లలు నన్ను చూసి గీసుకునేవాళ్లు. వాళ్ల తేనెటీగలు కొన్ని ఈగల్లా, కొన్ని బర్రెల్లా ఉండేవి. అయినా మార్కులు వేసేదాన్ని. ఆ బాణం గుర్తు తెగిపోతే ఏమవుతుందని ఒక్కరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. సిలబస్‌లో లేదు.

ఆ రోజు మా అక్క ఊరికి పోతున్నాను. బోధన్ దాటి వర్ని దారిలో, కాలువ కింద ఉంటుంది. మేం పుట్టింది కూడా అక్కడే. అక్కను ఊళ్లోనే ఇచ్చారు, బావతో కలిసి మా బాపు పొలం కూడా ఆమే చేస్తోంది. అందుకే అవ్వ పోయాక అవ్వ సామాను అంతా అక్క ఇంటికి చేరింది. మా వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. ఆ సామానులో నాకు కావలసింది ఒక్కటే: పొయ్యి మీది దూలానికి ఏటా వేలాడే ఎండు బీరకాయ.

అవ్వ తన పుట్టింటి నుంచి తెచ్చుకున్న బీర అది. ఏటా ఒక మంచి కాయను కొయ్యకుండా తీగ మీదే ఎండనిచ్చి, తరవాత తెచ్చి దూలానికి కట్టేది. మళ్లీ వానలు పడ్డాక దాన్ని విదిలిస్తే అడుగున మూత ఊడి నల్లటి గింజలు రాలేవి. దుకాణంలో పాకెట్ కొని పెట్టిన బీరలాగా మూరెడు పొడుగు కాయదు, జానెడే. పప్పులో వేస్తే మాత్రం వాసన వాకిట్లోకి వచ్చేది. దాని పువ్వుకు కూడా ఒక మొండితనం ఉండేది. ఊళ్లో బీరలన్నీ పొద్దు వాలుతుండగానే విచ్చుకుంటే, మాది దీపం పెట్టేదాకా విచ్చేది కాదు.

పోయినేడు ఆ బీర ఒక్క కాయా కాయలేదు. ఈ ఏడు అక్క డబ్బాలో మిగిలిన తొమ్మిది గింజలూ పెట్టింది. ముసలి గింజలు, రెండే మొలిచాయి. ఈ రెండు తీగల మీద ఒక్క కాయ కూడా నిలవకపోతే అవ్వ బీర ఇక ఉండదు. పండక్కి పోతున్నానని పేరే గానీ నేను పోతున్నది ఆ తీగల కోసం.

నెల కింద అక్క ఫోన్ చేసింది కూడా. "పూత మస్తుగ ఉన్నదే. పిందె నిలుస్తలేదు. పసుపుపచ్చగయి రాలిపోతున్నది," అంది. నేను పెన్షన్ కాగితాల గొడవలో ఉన్నాను. "వానలకు రాలుతదక్కా, తగ్గితే నిలుస్తది," అని పెట్టేశాను. వృక్షశాస్త్రం చదివిన మనిషి ఇచ్చిన జవాబు అది. పక్కింటి పిల్లను అడిగినా అంతకంటే మంచి మాటే చెప్పేది.

బస్సు కిటికీలోంచి రెండు పక్కలా పచ్చదనం. బయటివాళ్లు వచ్చి "మీ జిల్లా ఎంత పచ్చగా ఉందో" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. మాకు పేరు తెచ్చినవి వరి, చెరుకు, పసుపు. వరికి ఒక చిన్న గాలి చాలు, ఎవరి సాయమూ అక్కర్లేదు. చెరుకును గడ నరికి పాతుతారు. పసుపును కొమ్ము పాతుతారు. అది పువ్వు పూస్తుంది గానీ గింజ కట్టదు. మూడింటికీ తుమ్మెదతో పని లేదు. పని లేని మనిషినే ఇంట్లో ఉంచుకోని కాలం, ఇక పురుగును పొలంలో ఎవరు ఉంచుకుంటారు? చుట్టూ ఇంత చక్కెర పండించే నేలలో తేనెటీగలు పువ్వు దొరక్క బస్టాండుకు వచ్చి ఎంగిలి గ్లాసుల్లో పడి చస్తున్నాయి. ఆ బుట్ట కంపు బోధన్ దాటినా ముక్కులోంచి పోలేదు.

మా చిన్నప్పుడు కాలువ గట్టుకూ మా పొలానికీ మధ్య ఒక బీడు ఉండేది. ఎర్రమట్టి, రాళ్లు. ఎత్తుగా ఉండటంతో కాలువ పక్కనే ఉన్నా నీళ్లు ఎక్కేవి కావు. పనికిరాని నేల అనేవాడు బాపు. పనికొచ్చే నేలంతా ఒక్క వరే పండేది. ఆ పనికిరాని నేలలో తంగేడు, గునుగు, తుమ్మి, ఉత్తరేణి, రెండు మోదుగ చెట్లు, పేర్లు తెలియనివి ఇంకెన్నో. నీళ్లు పెట్టి, ఎరువేసి పెంచిన చోట ఒక్కటే రకం. ఎవరూ పట్టించుకోని చోట ఇన్ని రకాలు.

తంగేడు పువ్వు చూడటానికి రమ్మని పిలిచినట్టు విచ్చుకుని ఉంటుంది గానీ వట్టి పిసినారిది. తేనె ఇవ్వదు. పుప్పొడిని గొట్టాల్లో దాచి కొసన సూదిబెజ్జమంత కంత పెట్టుకుంటుంది. ఎవరు పడితే వాళ్లు వచ్చి వాలితే రాలదు. నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి, పువ్వును గట్టిగా పట్టుకుని ఒళ్లంతా వణికించి ఝుమ్మంటేనే ఆ పొడి బయటికి దూకుతుంది. ఆ చప్పుడు మా బాపు పొలంలో ఉన్నా వినబడేది. తుమ్మి పువ్వుది చిన్న తెల్లటి నోరు, చిన్న ఈగల కొలతకు సరిపోతుంది. మోదుగది ఎర్రటి వంకర ముక్కు, పిట్టల కోసం. వాసన ఉండదు, పిట్టకు వాసనతో పనేముంది. పెరట్లో సొర పువ్వు తెల్లగా ఉండేది సందె చీకట్లో తిరిగే రెక్కల పురుగులకు కనబడటానికి. ఒకే మట్టి, ఒకే వాన, అయినా ఇన్ని రకాల పూలు. ఎందుకంటే ఒక్కోదాని గడప తొక్కే చుట్టం వేరు. ఏ చుట్టం వస్తే ఆ చుట్టానికి తగ్గట్టు ఇల్లు మార్చుకుంటూ వచ్చాయి, ఎన్ని వేల తరాలుగానో. మారనివాటికి గింజ పడలేదు, గింజ పడనివి మిగల్లేదు. ఇందులో ఎవరి తెలివీ లేదు.

మా బీర దీపం పెట్టాక విచ్చుకోవడం కూడా ఇట్లాంటిదేనని నా అనుమానం. ఆ బీడులోంచి బూడిదరంగు రెక్కల పురుగులు సరిగ్గా ఆ వేళకే వచ్చేవి. ఎవరు వచ్చే వేళకు తలుపు తీస్తే కాయ నిలిచిందో, ఆ వేళ గింజలోకి దిగిందేమో. రుజువు చూపలేను. చూపగల వయసులో బోర్డు మీద బాణాలు గీస్తూ ఉన్నాను.

బీడు ఉన్నన్నాళ్లు బతుకమ్మకు పూలు కొనాలన్న మాటే లేదు. తంగేడు, గునుగు గంపలకొద్దీ వచ్చేవి. మధ్యలో అందానికి ఒక వరుస బీరపూలు పెట్టేవాళ్లు. అవీ గొడ్డు పూలే తెంపాలి. బీరతీగకు రెండు రకాల పూలుంటాయి. కింద సన్నటి పిందె ఉన్నది కాయపువ్వు. పిందె లేకుండా గెలగా పూసేది గొడ్డు పువ్వు. గొడ్డుది ఎట్లాగూ కాయదు, రేపటికి రాలిపోయేదే, దేవతకు పెట్టినా కూరలో వేసినా నష్టం లేదని మా ఆడవాళ్ల నమ్మకం. నిజానికి అది మగపువ్వు. పుప్పొడి అంతా దాని దగ్గరే ఉంటుంది. ఈ ముక్క క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. కానీ క్లాసులో చెప్పింది నోట్లోనే ఉండిపోయింది, అవ్వ దగ్గర నేర్చింది చేతుల్లోకి దిగింది.

ఆ బీడు చచ్చి మూడేళ్లు. చచ్చిందని మర్యాదకు అంటున్నాను. అప్పుడూ అక్క ఫోన్ చేసింది. "బీట్ల పాములు తిరుగుతున్నయట. ఊరోళ్లు గడ్డి మందు కొట్టించి సాపు జేస్తమంటున్నరు, బతుకమ్మ ఆడుకొనికి జాగా అయితదని. మన పొలం పక్కకే గద, నువ్వేమంటవు?" అని అడిగింది. ఆమె నన్ను ఎందుకు అడిగిందో నాకు తెలుసు. చెట్లూ చేమల గురించి మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. నేను పేపర్లు దిద్దుతున్నాను, ఆ రోజు ముప్పై పేపర్ల కట్ట పూర్తి చేయాలి. "పాములుంటే కొట్టించున్రి," అన్నాను. మూడు మాటలు కూడా కాదు, రెండు. ఆ తరవాత జేసీబీ వచ్చింది.

నేను దిగేసరికి మధ్యాహ్నం. అక్క వాకిట్లో బతుకమ్మ సామాను పరిచి ఉంది. నిజామాబాద్ నుంచి కొనుక్కొచ్చిన తంగేడు కట్టలు వడలిపోయి కుళ్లు వాసన కొడుతున్నాయి. జక్రాన్‌పల్లి దిక్కు గుట్టల్లో నరికి తెస్తున్నారట. పక్కన గునుగు. దాన్ని గులాబి, నీలం, చిలకపచ్చ రంగుల్లో ముంచి తీశారు. ముట్టుకుంటే నా వేళ్లకు నీలం అంటుకుంది. సబ్బు పెట్టి తోమినా పోలేదు. గునుగుకు దాని తెలుపు, దాని కొస గులాబి ఉండగా ఈ రంగు ఎందుకో, దేవతకు కళ్లు కనబడవనుకున్నారేమో.

"గీ తంగేడు యాడికి సాలుతది? నడుమ ఎలితి పడ్తది," అంది పక్కింటి వదిన. ఆమెకు మా అక్క వయసే, ఊళ్లో అందరికంటే ఎత్తు బతుకమ్మ తనదే ఉండాలని పట్టుదల. "అక్కోళ్ల కొట్టం మీద బీరపూలున్నయి గద. గొడ్డుయి తెంపుకుందాం."

అక్క తలూపింది. నేను లేచాను. అవును, నేనే ముందు లేచాను. కొట్టం పక్కన రెండు తీగలూ గడ్డి కప్పు మీదికి పాకి ఉన్నాయి. సాయంత్రం విచ్చుకోవలసిన మొగ్గలు ఉబ్బి పసుపు చిమ్ముతున్నాయి. చిన్నప్పుడు అవ్వ పక్కన నిలబడి తెంపినట్టే తెంపాను. అప్పుడైతే ఒక్కో పువ్వు తెంపేవాళ్లం. ఇప్పుడు బతుకమ్మ ఎత్తు పెరగాలి, కాడ పొడుగు కావాలి, కాబట్టి గెలలకు గెలలే విరిచాం. రేపటి మొగ్గలు, ఎల్లుండి మొగ్గలు అన్నీ అందులోనే పోయాయి. నా ఒడి నిండింది. వదిన నవ్వి, "మేడం అయినా చెయ్యి మర్వలే," అంది. ఆ మెప్పుకు నేను పొంగిపోయాను. ఇది రాస్తుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

ఇత్తడి తాంబాళంలో గుమ్మడాకు పరిచి, చుట్లు చుట్లుగా పేర్చి, మీద పసుపు గౌరమ్మను పెట్టి, బతుకమ్మలు బయలుదేరేసరికి పొద్దు వాలింది. వదినా వాళ్లూ ముందు నడిచారు. అక్క తన బతుకమ్మను కోడలి చేతికిచ్చి పంపి, నన్ను ఆగమంది. కొట్టం వెనక్కి తీసుకుపోయి కప్పు అంచున ఒక ఆకు పక్కకు తొలగించింది.

"గిది సూడు. నీకు సూపెడ్దామనే ఎవ్వలకు జెప్పలే. ఆఖరి పిందె ఇదే. తీగ వాడిపోతున్నది, ఇగ పూయదు. ఇయ్యాల ఇచ్చుకుంటదేమో. గిదన్న నిలవాలె."

చిటికెన వేలంత పిందె, చివర మొగ్గ. అప్పటికే రేకు అంచులు వదులవుతున్నాయి. దానికి కావలసింది ఒక్క మగపువ్వు. పురుగు రాకపోయినా ఏం కాదు, మగపువ్వు తెంపి చేత్తో అంటిస్తే చాలు, రెండు నిమిషాల పని. నెల కిందటే ఫోన్లో చెప్పగలిగిన పని. రెండు తీగలూ పైనుంచి కిందికి వెతికాను. అక్క ఫోన్ లైటు వేసింది. ఒక్క గొడ్డు పువ్వు లేదు. గెల మొదళ్లు మాత్రం ఉన్నాయి, విరిచిన చోట ఇంకా తడిగా.

"ఏం దేవులాడుతున్నవే?" అంది అక్క.

చెప్పాను. గొడ్డుది గొడ్డు కాదని, పిందె రాలుతున్నది వానకు కాదని, బీడుతో పాటు వచ్చిపోయే పురుగులు పోయాయని, ఈ పిందెను నిలబెట్టేది నా ఒడిలో పోసుకుని తీసుకుపోయానని. అక్క లైటును ఆ విరిచిన మొదళ్ల మీదికి తిప్పింది.

"మరి గింత సదువుకొని, నువ్వెందుకు తెంపినవ్?" అంది.

నేను బతుకమ్మలు పోయిన దిక్కు నడిచాను, అక్క వెంట వచ్చింది.

బతుకమ్మలు ఆడుతున్నది ఆ బీడులోనే. ఇప్పుడు దాన్ని గ్రౌండు అంటారు. గడ్డిపరక లేకుండా చదును చేసిన నేల, కాళ్ల కింద నీళ్ల పాకెట్లు, ఒక మూల సౌండు బాక్సు. చుట్టూ కట్టిన ట్యూబులైట్లు అప్పుడే వెలిగాయి. ఇంత వెలుగుకు ఒకప్పుడు పురుగులు ముసిరి పాడేవాళ్ల నోట్లో పడేవి. ఇప్పుడు లైట్ల చుట్టూ ఏమీ లేదు, శుభ్రమైన గాలి. "మందు కొట్టినంక పురుగు పుట్రా పీడ వోయింది," అని పోయినేడు వదిన సంతోషంగా చెప్పిన మాట గుర్తొచ్చింది. నాకు ఆ తెల్లటి వెలుగు చూస్తే ఆస్పత్రి గది గుర్తొచ్చింది.

బతుకమ్మలను మధ్యలో పెట్టి ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతున్నారు. మా అక్క బతుకమ్మను దూరం నుంచే గుర్తుపట్టాను. మధ్యాహ్నం మొగ్గలుగా పేర్చిన బీరపూలు ఆ వేళకు విచ్చుకోవడం మొదలుపెట్టాయి. తెంపినా, కాడ విరిచినా, వాటి వేళ వాటికి తెలుసు. రేకుల మధ్యలో పసుపు పొడి మెరుస్తోంది. ఇంకాసేపట్లో వాటిని కాలువలో కలిపేస్తారు.

నేను వలయంలోకి దూరాను. వంగి, అక్క బతుకమ్మ మధ్య వరుసలోంచి ఒక పువ్వు లాగాను. రాలేదు. గట్టిగా లాగితే నాలుగు వచ్చాయి, పై వరుస కుంగింది, గౌరమ్మ ఒక పక్కకు ఒరిగింది. పాట ఆగిపోయింది. పేర్చిన బతుకమ్మ పువ్వుల కుప్ప కాదు, అమ్మవారు. చిన్నపిల్లలు కూడా ముట్టరు. అందరూ నా చేతి వంక చూశారు. పొద్దున నేను ఆ గ్లాసు వంక ఎట్లా చూశానో అట్లా.

"సదువు జెప్పినోళ్లు గిట్ల జేస్తరా?" అంది వదిన. గొంతు పెంచలేదు. అదే ఎక్కువ తగిలింది.

"తర్వాత జెప్తనొదినా," అని పూలు పిడికిట్లో పట్టుకుని నడిచాను. వెనక అక్క ఒరిగిన గౌరమ్మను సరిచేసి, చేతులు జోడించి, నా వెంట వచ్చింది.

కొట్టం దగ్గర ఫోన్ లైటు అక్క పట్టుకుంది. కాయపువ్వు ఇంకా పూర్తిగా విచ్చలేదు. మొండిది, దీపం వేళ దాకా రాదు కదా. ఎదురుచూశాం. నిజం చెప్పాలంటే ఒక రెక్కల పురుగు కోసం కూడా చూశాను. వస్తే పూలు పక్కన పెట్టి తప్పుకునేదాన్ని. దూరంగా పాట మళ్లీ మొదలైంది. ఏదీ రాలేదు. పువ్వు విచ్చాక రేకులు తుంచిన మగపూలను ఒక్కొక్కటే దాని మధ్య రుద్దాను. నీలం అంటిన నా వేళ్ల మీద పసుపు పొడి పడింది. తల పైకెత్తి నిలబడి నడుము పట్టేసింది. ఒక పురుగు పోతూ పోతూ చేసే పని అది.

నాలుగో రోజు అక్క ఫోన్ చేసింది. "నిలిచింది," అని ఒక్క మాట అంది. ఆ కాయను కొయ్యలేదు. తీగ ఎండి, కాయ ఎండి, చలి మొదలయ్యాక నేను పోయేసరికి దూలానికి వేలాడుతోంది. మామూలు జానెడు కూడా లేదు, ఒక పక్క వంకర. చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. గింజల చప్పుడు వినిపించింది.

అన్నం తింటూ నేను పెద్దమనిషిలా మాట్లాడటం మొదలుపెట్టాను. గ్రౌండు అంచునైనా రెండు తంగేడు పొదలు పెరగనివ్వమని ఊరివాళ్లకు చెప్పాలని, గడ్డి మందు మానెయ్యమని చెప్పాలని. అక్క నా కంచంలో పప్పు వేసింది.

"ఎవ్వలకు జెప్తవే? అప్పుడు నిన్నడిగే కొట్టించిన అని ఊరంతట జెప్పిన నేను. సదువుకున్న మా చెల్లె ఒప్పుకున్నదని."

ఆమె కోపంగా అనలేదు, ఉన్నమాట చెప్పింది. దూలం వంక చూసి మళ్లీ తనే అంది:

"వచ్చే వానకాలం పూతవెట్టినంక వచ్చి గీడనే ఉండు. దినాం దీపాలవెట్టే యాళ్లకు పువ్వు పువ్వుకు అంటియ్యాలె గద. అవ్వ కాలంల గా పని పురుగులు జేసేటియి. ఇప్పుడు నువ్వే జెయ్యి."

వస్తానన్నాను.